యూనివర్సిటీ పరిశోధన వార్తల్లో ఏది నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వారం తిరక్కుండానే ఏదో ఒక యూనివర్సిటీ నుంచి ‘అద్భుత ఆవిష్కరణ’ అంటూ వార్త వస్తుంది. ఒకరోజు రెండువేల ఏళ్ల కిందట కాలిపోయిన గ్రంథాన్ని చదివామంటారు. మర్నాడు ఎలుకల్లో క్యాన్సర్ మాయమైందంటారు. ఆ తర్వాత ఏదో కొత్త పదార్థం వచ్చి లోకాన్నే మార్చేస్తుందంటారు. ఏళ్లు గడిచినా ఒక్కటీ మన చేతికి రాదు. ఇవన్నీ గాలి కబుర్లేనా? కాకపోతే వేరు చేసి చూడటం ఎలా?

నేను ఇరవయ్యేళ్లకు పైగా పదార్థ రసాయన శాస్త్రం ల్యాబుల్లో పనిచేశాను. పరిశోధన పేపర్లు రాశాను, వాటిని అచ్చువేసే జర్నళ్ల కోసం ఇతరుల పేపర్లు చదివి కొన్నిటిని తిప్పి పంపాను. నా పని మీద కూడా ఒకసారి ప్రెస్ నోట్ వచ్చింది, ఆ ముచ్చట తర్వాత చెప్తాను. గాలి కబుర్లు చాలా తక్కువ. కానీ ‘ఇది నిజమా, అబద్ధమా’ అని అడిగితే ఎటూ తేలదు. ‘ఈ శాస్త్రంలో రుజువైంది అనాలంటే ఏం జరగాలి, ఈ వార్త అక్కడిదాకా వచ్చిందా’ అని అడగాలి. ఎందుకంటే రుజువు అన్నిచోట్లా ఒకే రకంగా ఉండదు. పాత గ్రంథం చదివిన వార్తనూ, ఎలుకల వార్తనూ ఒకే కాటాలో తూచడం దగ్గరే మనం పొరబడుతున్నాం.

ఆ కాలిపోయిన గ్రంథం సంగతే ముందు చూద్దాం. నా లెక్కలో ఈ మధ్య వచ్చిన వార్తల్లో పూర్తిగా నమ్మదగినది అదే. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం పట్టణంలో ఒక భవంతి, అందులోని గ్రంథాలయంతో సహా కూరుకుపోయింది. పపైరస్ చుట్టలు బొగ్గు ముక్కల్లా మారాయి. 18వ శతాబ్దంలో తవ్వి తీశాక, విప్పబోయినవాళ్ల చేతుల్లో చాలావరకు పొడిపొడి అయ్యాయి. కెంటకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రెంట్ సీల్స్ ఏళ్ల తరబడి ఒకే పట్టు మీద ఉన్నారు: చుట్టను ముట్టుకోకుండా ఎక్స్‌రే స్కాన్ తీసి, కంప్యూటర్లోనే పొర తర్వాత పొర విప్పి చదవాలి. ఇజ్రాయెల్‌లోని ఎన్ గెడీలో దొరికిన మరో కాలిన చుట్టను ఆయన బృందం ఇలాగే చదివింది. అక్కడి సిరా స్కాన్‌లో స్పష్టంగా కనిపించింది. హెర్క్యులేనియం చుట్టల్లో ఆ వీలు లేదు. సిరా మసితో చేసింది, పపైరస్ మాడి బొగ్గయింది. బొగ్గు మీద బొగ్గుతో రాసినదాన్ని ఎక్స్‌రే ఎలా పట్టుకుంటుంది?

2023లో ఆ స్కాన్లన్నీ అందరికీ తెరిచిపెట్టి పోటీ ప్రకటించారు. సిరా ఉన్నచోట పపైరస్ పైపొర ఎండిన చెరువు మట్టిలా సన్నగా పగిలినట్టు ఉంటుందని ఒకాయన స్కాన్లను గంటల తరబడి కళ్లతో చూసి గమనించారు. ల్యూక్ ఫారిటర్ అనే విద్యార్థి ఆ పగుళ్ల జాడ మీద కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చి మొదటి మాట చదివాడు. గ్రీకులో ‘పోర్ఫిరాస్’, అంటే ఊదారంగు. 2024 ఫిబ్రవరిలో అతనితో పాటు యూసెఫ్ నాదర్, జూలియన్ షిలిగర్ కలిసి 7 లక్షల డాలర్ల బహుమతి గెలిచారు. అప్పటికి 15 నిలువు వరుసలు, 2000కు పైగా అక్షరాలు బయటపడ్డాయి. విషయం సుఖం గురించి ఒక తాత్విక చర్చ. అరుదుగా దొరికేది ఎక్కువ సుఖాన్నిస్తుందా అని ఆ రచయిత ఆలోచిస్తున్నాడు.

దీన్ని ఎందుకు నమ్ముతున్నానో చెప్తాను. ఆ ప్రోగ్రాముకు గ్రీకు రాదు. అక్షరం కన్నా చిన్న ముక్కను మాత్రమే చూసి ‘ఇక్కడ సిరా ఉంది, ఇక్కడ లేదు’ అని చెప్పడమే దాని పని. అక్షరమేదో దానికి తెలియనప్పుడు లేని అక్షరాన్ని ఊహించి రాసే అవకాశం ఉండదు. ఆ చుక్కలన్నీ చేరి గ్రీకు వాక్యమై కూర్చుంటే అది యాదృచ్ఛికం కాదు. పోటీకి వచ్చిన వేర్వేరు బృందాలకు అదే పాఠం వచ్చింది. చదివింది పపైరస్ నిపుణులు, కంప్యూటర్ కాదు. ఇక్కడ రుజువు కళ్ల ముందే ఉంటుంది, ఆ భాష తెలిసిన ఎవరైనా బొమ్మను చూసి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ‘మార్కెట్లోకి ఎప్పుడొస్తుంది’ అనే ప్రశ్నకు ఇక్కడ చోటే లేదు. అయితే హెడ్డింగుల్లో ‘గ్రంథం చదివేశారు’ అని వచ్చింది చూడండి, అక్కడ జాగ్రత్త పడాలి. అప్పటికి చదివింది ఆ ఒక్క చుట్టలో సుమారు 5 శాతం.

ఇదే కోవలో ఇంకోటి. శిథిలమైన గ్రీకు శాసనాల్లో పోయిన అక్షరాలను పూరించడానికి 2022లో ‘ఇథాకా’ అనే ప్రోగ్రాము వచ్చింది. గూగుల్ డీప్‌మైండ్‌తో వెనిస్, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలవాళ్లు కలిసి చేశారు. పరీక్షలో చరిత్రకారులు సొంతంగా పూరిస్తే 25 శాతం సరిపోయింది, ప్రోగ్రాము ఒక్కటే చేస్తే 62 శాతం, ప్రోగ్రాము సూచనలు చూసి చరిత్రకారులు నిర్ణయిస్తే 72 శాతం. చాలామంది మధ్య అంకె పట్టుకుని ‘చరిత్రకారుల పని అయిపోయింది’ అన్నారు. మూడో అంకె చదవలేదు కాబోలు.

రసాయన శాస్త్రానికి వస్తే కథ మారుతుంది. ఇక్కడ ఒక చేతిలో వచ్చింది ఇంకో చేతిలోనూ రావాలి. మీరు చేసింది, మీ ముఖం ఎన్నడూ చూడని మనిషి, మీ పేపర్ చదివి, తన ల్యాబులో తన సీసాలతో చేసి అదే తెచ్చుకోవాలి. అది జరిగేదాకా మీ దగ్గర ఉన్నది ఒక మాట మాత్రమే.

ఎల్‌కే-99 గుర్తుందా? 2023 జులైలో దక్షిణ కొరియా నుంచి ఒక ప్రిప్రింట్, అంటే ఇంకా ఏ జర్నలూ పరిశీలించని పేపర్, ఇంటర్నెట్‌లోకి వచ్చింది. సీసం, భాస్వరం, ఆక్సిజన్ ఉన్న ఒక ఖనిజంలో కొంత రాగిని చొప్పించారు. మామూలు గది వేడిలో, మామూలు పీడనంలో అది సూపర్ కండక్టర్ అన్నారు. అంటే కరెంటు ఏమాత్రం నష్టం లేకుండా పారుతుందన్నమాట. అయస్కాంతం మీద ఒక చిన్న నల్లటి ముక్క ఒకవైపు లేచి నిలబడ్డ వీడియో కూడా పెట్టారు. ఆ రెండు వారాలు మా ల్యాబుల్లో ఎవరికీ నిద్ర లేదు. టెన్షన్, ఆశ, అసూయ, మూడూ కలిసి. మిగతా వ్యవహారాలు పక్కన పెట్టి తయారీకి దిగనివాళ్లు తక్కువ.

గుట్టు విప్పినది ఒక చిన్న వివరం. ఆ పేపర్‌లో కరెంటు నిరోధం హఠాత్తుగా పడిపోయిన చోటు సుమారు 104 డిగ్రీల సెల్సియస్. ఇలినాయ్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్‌కు ఆ అంకె బాగా పరిచయం. రాగి సల్ఫైడ్ తన నిర్మాణం మార్చుకునే వేడి అది. ఎల్‌కే-99 తయారుచేసే పద్ధతిలోనే రాగి సల్ఫైడ్ మురికిగా మిగిలిపోతుంది. నిరోధం పడింది ఆ మురికి వల్ల. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు మురికి లేని స్ఫటికాలు పెంచి చూస్తే, అవి ఊదారంగులో పారదర్శకంగా ఉన్నాయి, పైగా కరెంటును అసలు పారనివ్వవు. ముక్క లేచి నిలబడటానికి కారణం మామూలు అయస్కాంత గుణమని ఇతర బృందాలు చూపించాయి. ఒక నెల తిరక్కుండానే అంతా తేలిపోయింది.

చాలామంది దీన్ని శాస్త్రానికి పడ్డ మచ్చ అంటారు. నాకు అలా అనిపించదు. కొందరు తొందరపడ్డారు, మిగతా లోకం నెలలోపు సరిచేసింది. మచ్చ అనదగ్గవి వేరే ఉన్నాయి. అమెరికాలోని ఒక బృందం సూపర్ కండక్టర్ల మీద 2020లో, మళ్లీ 2023లో ‘నేచర్’లో అచ్చువేసిన రెండు పేపర్లనూ ఆ జర్నల్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మొదటిది అచ్చయ్యాక దాదాపు రెండేళ్లు నిలబడింది. పెద్ద జర్నల్‌లో వచ్చింది కదా అని భరోసా పెట్టుకోకూడదని నేను చెప్పడానికి కారణం అదే. పరిశీలించేవాళ్లం పేపర్ చదువుతాం, అంకెలు పొసగుతున్నాయా అని చూస్తాం. ల్యాబుకు వెళ్లి చేసి చూడం. అంత సమయం, డబ్బు ఎవరూ ఇవ్వరు.

నిజంగా నిలబడ్డ రసాయనం ఎలా ఉంటుందో చూడాలంటే 2025 నోబెల్ చూడండి. సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ. లోహపు అణువులను కీళ్లలా, కర్బన అణువులను కడ్డీల్లా అమర్చి, మధ్యలో గదులుండే స్ఫటికాలు కట్టారు. వీటిని మాఫ్‌లు అంటారు. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో రాబ్సన్‌కు ఈ ఆలోచన 1974లో, విద్యార్థులకు చూపించడానికి చెక్క బంతులతో అణువుల నమూనాలు చేయించేటప్పుడు తట్టింది. మొదటి పేపర్ 1989లో. అప్పట్లో కట్టినవి సులువుగా కూలిపోయేవి. 1997లో కిటగావా ఆ గదుల్లోకి వాయువు వెళ్లి రాగలదని చూపించారు. 1999లో యాగీ చేసిన మాఫ్-5 గట్టిగా నిలబడింది. దాని రెండు గ్రాముల లోపల ఉన్న ఉపరితలం పరిస్తే ఒక ఫుట్‌బాల్ మైదానమంత. ఆ తర్వాత ప్రపంచమంతటా వేలాది మాఫ్‌లు వేర్వేరు చేతుల్లో తయారయ్యాయి. గాలిలోంచి నీళ్లు పట్టేవి, కార్బన్ డయాక్సైడ్ పట్టేవి. మొదటి పేపర్ నుంచి నోబెల్ దాకా 36 ఏళ్లు. ఆ 36 ఏళ్లలో ఏ వారం మీరు పత్రిక తెరిచినా ‘ఒక్కటీ చేతికి రాలేదు’ అనే అనుకునేవారు.

పదార్థ శాస్త్రంలో, అంటే నా సొంత ఇంట్లో, రుజువుకు ఇంకో రెండు మెట్లున్నాయి: సైజు, కాలం. ఇప్పుడు నా ప్రెస్ నోట్ ముచ్చట. మేం తుప్పు పట్టనివ్వని ఒక పూత తయారుచేశాం. గోరంత రేకు మీద వేశాం, కొన్ని వారాలు ఉప్పునీళ్లలో ఉంచాం, బాగానే నిలిచింది. ప్రచార విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చి ‘దీని ఉపయోగం ఏమిటి’ అని అడిగింది. ‘ఏనాటికైనా ఓడలకు పనికిరావచ్చు’ అన్నాను. మర్నాడు నోట్‌లో ఓడలు వచ్చేశాయి, ‘ఏనాటికైనా’ మాత్రం రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తప్పు ఆమె మీద తోసేయను. నోట్ నాకు పంపించింది, నేను చదివాను, సంతోషంగా సరేనన్నాను. చదరపు మీటరు రేకు మీద ఆ పూత సమంగా అంటుకోలేదు. ఆ సంగతి మీద ఏ ప్రెస్ నోటూ రాలేదు.

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సౌర ఫలకాలను గమనిస్తే ఈ రెండు మెట్లు బాగా అర్థమవుతాయి. 2009లో జపాన్‌లో మియాసకా బృందం చేసినప్పుడు వెలుతురులో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు ఒంటిగా 26 శాతం దాటింది, సిలికాన్‌తో జోడిస్తే 34 దాటింది. ఇంత వేగంగా ఎదిగిన పదార్థాన్ని నా జీవితంలో చూడలేదు. కానీ రికార్డులు చాలావరకు చదరపు సెంటీమీటరు, అంతకన్నా చిన్న ముక్కల మీదివి. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ అమ్మకానికి పంపిన పెద్ద ఫలకాల సామర్థ్యం 24.5 శాతం. పైగా సిలికాన్ ఫలకం ఇరవై అయిదేళ్లు ఎండకూ వానకూ నిలుస్తుంది. పెరోవ్‌స్కైట్‌కు తేమ, వేడి రెండూ పడవు. కాబట్టి ఇలాంటి వార్త చూసినప్పుడు శాతం చూడకండి. ఎంత సైజు ముక్క, ఎన్ని గంటలు నిలిచింది, ఈ రెండూ వెతకండి. రెండూ లేకపోతే అది ఇంకా గోరు మీదే ఉంది.

మీరు రోమన్ కాంక్రీటు గురించి కూడా అడిగారు, మనకన్నా వాళ్లే మేలా అని. 2023లో ఎంఐటీకి చెందిన అడ్మిర్ మాసిక్ బృందం చెప్పింది వినసొంపుగా ఉంది, పని కూడా గట్టిది. రోమన్ కాంక్రీటులో కనిపించే తెల్లటి సున్నపు గుళికలు సరిగ్గా కలపకపోవడం వల్ల మిగిలాయని ఇన్నాళ్లూ అనుకున్నారు. పొడి సున్నాన్ని నేరుగా కలిపి ఆ వేడితోనే కాంక్రీటు చేసేవాళ్లని, పగులు వస్తే నీళ్లు ఆ గుళికల్లోని సున్నాన్ని కరిగించి మళ్లీ పూడుస్తాయని వీళ్లు చూపించారు. అలాంటి కాంక్రీటు చేసి, పగలగొట్టి, నీళ్లు పారిస్తే రెండు వారాల్లో పగులు పూడింది. పొడి సున్నం లేని ముక్కలో పూడలేదు. పోల్చడానికి రెండో ముక్క పెట్టారు చూశారా, పేపర్ విలువంతా అక్కడే ఉంది. ఇక వాళ్లే మేలా అంటే, నిలిచిన రోమన్ కట్టడాలే మనకు కనిపిస్తాయి, కూలిపోయినవి కనిపించవు. మన కాంక్రీటులో ఇనుప చువ్వలుంటాయి, చువ్వ తుప్పు పడితే కాంక్రీటు పగులుతుంది. వాళ్లు చువ్వలు వాడలేదు, వాటితో మనం కట్టే అంతస్తులూ కట్టలేదు.

వైద్యం చివరికి పెట్టుకున్నాను, ఎందుకంటే అక్కడ పొరబడితే నష్టపోయేది మనిషి. 2014లో కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక మంచి పని చేశారు. 20 బ్రిటిష్ యూనివర్సిటీలు ఆరోగ్య పరిశోధనల మీద ఇచ్చిన 462 ప్రెస్ నోట్లను అసలు పేపర్లతోనూ, పత్రికల్లో వచ్చిన వార్తలతోనూ పోల్చారు. జంతువుల మీద చేసిన పనుల నోట్లలో 36 శాతం ఆ ఫలితాన్ని మనుషులకు అంటగట్టాయి. నోట్‌లోనే ఆ అతి ఉంటే వార్తల్లో 86 శాతానికి ఆ అతి అంటుకుంది. నోట్ నిజాయితీగా ఉంటే 10 శాతానికే. అంటే మనం విలేకరులను తిడుతున్నది చాలావరకు అన్యాయం, గోరంతను కొండంత చేసే పని యూనివర్సిటీ గుమ్మంలోనే మొదలవుతోంది. ఇంకో సంగతి, అతి చేసిన నోట్లకు పత్రికల్లో ఎక్కువ చోటు దొరికిందనడానికి గట్టి ఆధారమేమీ కనిపించలేదు. అంత అబద్ధమాడీ లాభం లేకపోయింది.

ఎలుకల్లో పనిచేసింది అబద్ధం కాదు, మనిషిలో పనిచేస్తుందనడానికి అది రుజువు కాదు, అంతే. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన మందుల్లోనే పదింటికి తొమ్మిది మధ్యలో ఆగిపోతాయి. ఎలుకల దగ్గరే ఆగిపోయేవి వాటికి అదనం. ఎలుకల మీద, ల్యాబులో కణాల మీద చేసే ఆ ప్రయోగాలు కూడా మళ్లీ చేస్తే నిలుస్తాయా? క్యాన్సర్ మీద పేరున్న 53 పేపర్లలోని 193 ప్రయోగాలను తిరిగి చేద్దామని ఒక పెద్ద బృందం బయల్దేరింది. 2021లో ఫలితాలు ఇచ్చేసరికి పూర్తిచేయగలిగింది 50. ఒక్క ప్రయోగానికీ పేపర్‌లో సరిపడా వివరాలు లేవు, ప్రతిదానికీ అసలు రచయితలను అడగాల్సి వచ్చింది. చేసినవాటిలో కూడా కనిపించిన ప్రభావం, సగటున చూస్తే, మొదట చెప్పినదానికన్నా 85 శాతం తక్కువ.

ఇది చదివి వైద్య పరిశోధన మీద నమ్మకం పోగొట్టుకోవద్దు. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌లు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 2005లో ఒక పేపర్ రాశారు. కణానికి ప్రొటీన్ తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏలో ఒక అక్షరాన్ని కాస్త మారిస్తే ఒళ్లు దాన్ని శత్రువుగా చూడదని అందులో ఉంది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంతకు పదేళ్ల ముందే కారికో హోదా కూడా తగ్గించారు. 2020లో ఎంఆర్‌ఎన్‌ఏ రకం కోవిడ్ టీకాలు ఆ పేపర్ మీద నిలబడ్డాయి, 2023లో నోబెల్ వచ్చింది. క్రిస్పర్ జన్యు కత్తెర పేపర్ 2012లో వస్తే, దానితో చేసిన మొదటి చికిత్సకు, సికిల్ సెల్ జబ్బుకు, 2023 చివర్లో అనుమతి దొరికింది. పదకొండేళ్లు. వైద్యంలో ఇది వేగమే. 2025లో ఫిలడెల్ఫియాలో అరుదైన జన్యు లోపంతో పుట్టిన ఒక పసివాడికి, కేవలం వాడి లోపం కోసమే, ఆరు నెలల్లో జన్యు చికిత్స తయారుచేసి ఇచ్చారు. అదీ నిజమే. అయితే ఆ ఆరు నెలల కింద క్రిస్పర్ పుట్టినప్పటి నుంచీ చేసిన పనంతా ఉంది. అది ఒక్క రోగి కథ కాబట్టి ఇంకా ‘చికిత్స దొరికింది’ అనే మాట వాడను.

ఇక మీరు చేయగలిగింది. వార్తలో పేపర్ పేరు ఉందేమో చూడండి, లేకపోతే అక్కడే ఆపేయండి. పేపర్ దొరికితే మొదట చివరి భాగం చదవండి, ‘మా పనికి ఉన్న పరిమితులు’ అని రాసుకునే పేరా. ప్రచార విభాగం చేయి పడని చోటు అదొక్కటే. ఎంతమంది మీద, లేదా ఎన్ని ముక్కల మీద చేశారో చూడండి. ఒకటి రెండేళ్ల పాత వార్త అయితే అదే పేరుతో మళ్లీ వెతకండి, వేరేవాళ్లు చేశారా, వెనక్కి తీసుకున్నారా అని. డబ్బు కట్టమని జర్నల్ అడిగితే కట్టకండి. పేపర్ మొదటి పేజీలో రచయిత ఈమెయిల్ ఉంటుంది. ‘మీ పేపర్ చదవాలని ఉంది, పంపుతారా’ అని రెండు ముక్కలు రాయండి. చాలామంది పంపిస్తారు. నాకు ఇన్నేళ్లలో అలాంటి మెయిళ్లు ఏడో ఎనిమిదో వచ్చాయి, అన్నిటికీ అదే రోజు జవాబిచ్చాను. ఒకాయన ఓడల సంగతి అడిగాడు. ఆయనకు చదరపు మీటరు రేకు కథ మొత్తం రాశాను.